పెరటి కోళ్ళు – ఈకల పీకులాట

చిత్తూరు సీమ పల్లెల్లో పొద్దుపొడుపును ముందుగా తెలిపేది కోడికూత. శేషాచలం కొండల పాదాన ఉన్న చంద్రగిరి మొదలుకొని పడమటి మిట్టమీది పలమనేరు, పుంగనూరు, మదనపల్లెల వరకు ఏ పల్లెకు వెళ్ళినా పెరట్లో నాలుగు కోళ్ళు నేల గీరుకొంటూ కనిపిస్తాయి. వానమీద ఆధారపడిన ఈ మెట్టసీమలో పంట ఒక ఏడు చేతికి వస్తుంది, మరొక ఏడు రాదు. పంట తప్పిన ఏట కూడ ఇంటిని ఆదుకొనే చిన్న సంపదలలో పెరటికోడి ఒకటి. పండుగనాడు రాగిసంగటికి తోడుగా పులుసయ్యేది అదే. బిడ్డకు జ్వరం వచ్చిననాడు సంతకు వెళ్ళి మందుల డబ్బయ్యేదీ అదే. పొలం, పశువులు ఇంటి పెద్ద పేర ఉన్నా, కోళ్ళు మాత్రం ఇల్లాలి సొత్తు. వాటి రాబడి ఆమె కొంగుముడిలోనే ఉంటుంది. అందుచేత కోళ్ళకు వచ్చిన చిక్కు ఆ ఇంటిలో చిన్న విషయం కాదు.

అటువంటి చిక్కులలో ఒకటి, కోళ్ళు ఒకదాని ఈకలను మరొకటి పీకడం. కొక్కెర తెగులువలె ఇది కొద్ది రోజులలో గూటిని ఖాళీ చేయదు. నెమ్మదిగా మొదలై, చూస్తుండగానే మంద అంతటికీ పాకుతుంది. ఈకలు పోయిన కోడి ఒంటి వేడిని నిలుపుకోలేదు. ఆ వేడికోసం ఎక్కువ మేత తిని, తక్కువ గుడ్లు పెడుతుంది. సంతలో దానికి ధర పలకదు. గాయపడినదైతే ప్రాణానికే ముప్పు. ఇంత నష్టం కలిగించే ఈ అలవాటుకు మందు ఏమిటి?

ఒక ఉదాహరణను ఊహించుకొంటే విషయం సుబోధమవుతుంది. ఒక ఇల్లాలికి 12 పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఏడాది పొడుగునా అవి దిబ్బమీద, చింతచెట్టు కింద, కళ్ళంలో తిరిగి మేసేవి. ఆషాఢంలో వాన పడింది. పక్కచేలో వేరుశనగ విత్తారు. కోళ్ళు సాళ్ళవెంట పోయి విత్తనాలను గీరి తిన్నాయి. పొరుగువారితో మాటా మాటా పెరిగింది. చేసేది లేక ఆమె ఇంటి వెనుక వల కట్టి కోళ్ళన్నింటినీ లోపల మూసింది. రెండు పూటలా నూకలు, తవుడు పెట్టింది. తిండికి లోటు లేదు, కుక్కల బెడద లేదు, తగవు తీరింది అనుకొంది. పదిహేను రోజులు గడిచేసరికి ఒక పెట్ట తోక బోడిదయింది. తరువాత మరి రెండింటి వీపులమీద చర్మం కనిపించింది. ఒకనాటి ఉదయం ఒక పెట్ట నడుము దగ్గర నెత్తురు కారుతూ మూలకు ఒదిగి ఉంది. ఇరుగమ్మ చూసి దిష్టి తగిలిందన్నది. పొరుగమ్మ ముక్కుకొన కోసివేయమన్నది. పీకే పెట్టను పట్టి సంతలో అమ్మివేయడమే మందని మూడవ ఆమె తేల్చింది. మొదటి మాట తప్పును చూసినవారి కంటికి అంటగట్టింది; తక్కిన రెండు మాటలు కోడికి అంటగట్టాయి. ఆ కోడి ఎందుకు అలా చేస్తున్నదో ఎవరూ అడగలేదు.

కారణం వెదకడానికి ముందు, ఈకలు పోవడం పీకడంవల్లనేనా అన్నది తేల్చుకోవాలి. వయసు వచ్చిన కోడి సాధారణంగా ఏటా ఒకసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతుంది. పగటిపొద్దు తగ్గే కాలంలో, తల, మెడల దగ్గర మొదలై తోకవరకు ఇది క్రమంగా సాగుతుంది. ఆ రోజులలో గుడ్లు ఆగిపోవడం కూడ సహజమే. పొదుగుకు వచ్చిన పెట్ట పొట్టమీద ఈకలు పలచబడతాయి. గుడ్లకు ఒంటి వెచ్చదనం నేరుగా తగలడానికి అది ప్రకృతి చేసిన ఏర్పాటు. పుంజు ఎక్కడంవల్ల పెట్ట నెత్తిమీద, వీపుమీద ఈకలు అరుగుతాయి. పుంజులు ఎక్కువైనచోట ఈ అరుగుదల మరీ హెచ్చు. 8 లేక 10 పెట్టలకు ఒక పుంజు చాలు. పేలు పట్టిన కోడి తన ముక్కుతో తానే ఒళ్ళు గోక్కొంటుంది. దాని ఈకల మొదళ్ళలో పేలగుడ్లు తెల్లగా గుత్తులు కట్టి ఉంటాయి. ఇవేవీ కాక, తోక మొదట, నడుముమీద ఈకలు విరిగి, ఊడి ఉంటే, ఒక కోడి వెనుక మరొకటి నిలిచి ఈక లాగి మింగుతూ కనిపిస్తే, అది ఈకల పీకులాటే. దీనిని తెలుసుకోవడానికి అరగంటసేపు దూరాన కదలకుండా కూర్చుండి చూడడంకంటె మంచి సాధనం లేదు.

దీనిని కోడిపోరుతో కలిపి చూడడం మరొక పొరపాటు. కోడిపోరు తెలుగువారికి కొత్త కాదు. పలనాటి వీరుల కథలో పెద్దల తలరాతను మార్చినది కోడిపందెమే. 13వ శతాబ్దంలో కేతన రచించిన దశకుమార చరిత్రలోను, క్రీడాభిరామంలోను కోడిపందెపు వర్ణనలు ఉన్నాయి. ఆ పోరు ఎదురెదురుగా జరుగుతుంది. కోళ్ళు మెడ ఈకలు నిక్కించి, తలమీద దెబ్బ తీస్తాయి. పెరటి మందలోనూ ఇదే రీతిలో పెద్దరికం నిర్ణయమవుతుంది. ఓడిన కోడి తప్పుకొంటుంది, అంతటితో సరి. ఏది దేనిని పొడవవచ్చునో, ఏది దేనికి దారి ఇవ్వాలో ఆ మందలోని ప్రతి కోడికీ తెలుసు. ఈ వరుసక్రమాన్ని నార్వే దేశస్థుడైన తోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె 1920ల ఆరంభంలో శాస్త్రీయంగా వివరించాడు. బాల్యంనుంచి పెరటికోళ్ళను గమనిస్తూ వచ్చిన అలవాటే ఆయనను ఈ సత్యానికి చేర్చింది. ఈకల పీకులాటలో పోరు లక్షణాలు లేవు. పీకే కోడికి కోపం లేదు. దాని మెడ ఈకలు లేవవు. అది వెనుకనుంచి వచ్చి, నేలమీది గింజను చూసినట్లే ఈకను చూసి, గింజను ఏరినట్లే ఈకను లాగుతుంది. ఈ పోలికలోనే అసలు కారణం దాగి ఉంది.

కోడి ముక్కు కేవలం తినే సాధనం కాదు. మనిషికి చేతివేళ్ళు ఎటువంటివో కోడికి ముక్కు అటువంటిది. తాకి చూడడం, వెదకడం, ఏరడం, తిరగవేయడం అన్నీ దానితోనే. పెంపుడు కోడి వంశానికి మూలం ఎర్ర అడవికోడి. శేషాచలం అడవులలో తిరిగే బూడిదరంగు అడవికోడికీ ఆ వంశంలో కొంత పాలు ఉంది. పెంపుడు కోళ్ళ కాళ్ళకు పసుపువన్నె నిచ్చే జన్యువు ఆ జాతినుంచి వచ్చినదని 2008లో వెలువడిన పరిశోధన తెలిపింది. రాలిన ఆకులను గీరి, పురుగును, విత్తనాన్ని, లేతమొలకను ఏరుకొని బతకడం ఈ అడవికోళ్ళ స్వభావం. ఇంగ్లండుకు చెందిన మరియన్ డాకిన్స్ ఎర్ర అడవికోళ్ళ దినచర్యను నిమిషాల లెక్కన గమనించి 1989లో ప్రకటించారు. వేళకు మేత అందుతున్నా ఆ కోళ్ళు, పరిశీలించిన నిమిషాలలో నూటికి 60 నిమిషాలలో నేలను పొడుస్తూనే ఉన్నాయి. కడుపు నిండడం వేరు, వెదకులాట తీరడం వేరు అని దీనివల్ల తెలుస్తున్నది. వేల ఏండ్లుగా మనిషి చెంత పెరిగినా కోడిలో ఈ స్వభావం చావలేదు.

ఈ దృష్టితో చూస్తే వల వెనుక మూసిన కోళ్ళ అవస్థ అర్థమవుతుంది. గిన్నెలో పోసిన నూకలు పావుగంటలో అయిపోతాయి. తక్కిన పొద్దంతా ముక్కుకు పని లేదు. తొక్కి తొక్కి గట్టిపడిన నేలలో పురుగు లేదు, గడ్డిపరక లేదు. కదులుతూ, మెరుస్తూ ముక్కుకు అందేది పక్కకోడి ఈక ఒక్కటే. కోడి మొదట దానిని మెల్లగా తాకుతుంది, ఒకనాడు లాగుతుంది, మరొకనాడు మింగుతుంది. ఒకటి చేసిన పనిని మరొకటి చూసి నేర్చుకొంటుంది. కొత్తగా మొలిచే ఈక కాడలో నెత్తురు ఉంటుంది. దానిని లాగితే గాయమై ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు కోడిని ఇట్టే ఆకర్షించే రంగు. నెత్తురు కనిపించినచోటికి మంద అంతా చేరుతుంది. ఈకతో మొదలైన పని ఒక్కొక్కసారి ప్రాణంతో ముగియడం ఇందువల్లనే.

రెండవ కారణం మేతలోని కొరత. ఈకలో నూటికి 90 పాళ్ళు మాంసకృత్తులే. వాటిలో గంధకం కలిగిన అమైనో ఆమ్లాలు హెచ్చు. గుడ్లు పెట్టే కోడి మేతలో సుమారు 16 శాతం మాంసకృత్తులు ఉండాలి. బియ్యపు నూకలలో ఉన్నవి అందులో సగమే. తిరిగి మేసే కోడి ఆ లోటును చెదలతో, పురుగులతో, పచ్చి ఆకుతో తానే పూరించుకొంటుంది. మూసిపెట్టిన కోడికి ఆ వీలు లేదు. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు నాటుకోడికంటె ఎక్కువ గుడ్లు పెడతాయి కనుక వాటికి ఈ లోటు మరింత త్వరగా తగులుతుంది. ఈ సీమలో సులభంగా దొరికే వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు దండిగానే ఉన్నాయి. అయితే మెథియొనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు దానిలో తక్కువ. ఈక పెరగడానికి ముఖ్యంగా కావలసినది మెథియొనిన్. అది నువ్వుల చెక్కలో సమృద్ధిగా ఉంది. తక్కిన ధాన్యాలతో పోల్చితే రాగులలోనూ మెరుగు. కాబట్టి నూకలకు రాగులను, వేరుశనగ చెక్కకు కొంత నువ్వుల చెక్కను జోడించి, ఉప్పు వేయని ఎండుచేపల పొడి కొద్దిగా కలిపితే కొరత చాలవరకు తీరుతుంది. బూజు పట్టిన చెక్కను మాత్రం వాడరాదు. దానిలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మేతలో ఉప్పు బొత్తిగా లేకపోవడం కూడ పీకులాటకు ఒక కారణం. కిలో మేతకు 3 గ్రాములు, అంటే సుమారు అరచెంచా చాలు. హెచ్చయితే ఉప్పే కోడికి విషమవుతుంది.

ఇరుకు, ఎండ, వెలుతురు అన్నవి మూడవ కారణం. రాత్రి గూటిలో ఒక్కొక్క కోడికి కనీసం 2 చదరపు అడుగుల చోటు ఉండాలి. పగలంతా మూసి ఉంచే ఆవరణలో అంతకు ఎన్నో రెట్లు కావాలి. వేసవిలో తిరుపతి, శ్రీకాళహస్తి పరిసరాలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి వగర్చడమే దానికి చల్లబడే మార్గం. నీడ లేనిచోట, రేకుల కప్పు కింద అది చిరాకుపడి తోటివాటిని పొడుస్తుంది. నీళ్ళతొట్టి ఒక్కటే ఉంటే బలమైన కోడి దాని దగ్గర కాపలా కాస్తుంది కనుక నీళ్ళను, మేతను రెండు మూడు చోట్ల పెట్టాలి. గుడ్డు పెట్టే క్షణంలో పెట్ట వెనుకభాగం ఎర్రగా బయటికి కనిపిస్తుంది. వెలుతురులో ఆ ఎరుపును చూసి తక్కినవి పొడిస్తే గాయం లోతుగా దిగి పెట్ట చనిపోవచ్చు. పల్లెల్లో ఇంటిలోపలి చీకటిమూల గంపలో వరిగడ్డి పరచి పెట్టను గుడ్డుకు వదిలే ఆచారం ఈ ప్రమాదాన్ని తప్పిస్తున్నది.

నాల్గవది పురుగుల బాధ. గోడ పగుళ్ళలో, గూటికర్రల సందులలో పగలు దాగి ఉండే పిడుదులు, సన్నని ఎర్రనల్లులు రాత్రివేళ కోళ్ళ నెత్తురు పీలుస్తాయి. నిద్రలేని కోడి పగలు కుదురుగా ఉండదు. పగలు కోడిని ఎంత పరీక్షించినా ఈ పురుగులు కనిపించవు. రాత్రి దీపంతో గూటిని చూడాలి. పగుళ్ళను పూడ్చి, గూటికి సున్నం కొట్టి, పాతగడ్డిని తీసివేయాలి. పొయ్యిబూడిద, పొడిమన్ను కలిపిన గుంట ఒకటి ఏర్పరిస్తే కోడి అందులో పొర్లి తన ఒంటిని తానే శుభ్రపరచుకొంటుంది. పంటలకు కొట్టే పురుగుమందులను కోళ్ళమీద చల్లడం ప్రమాదకరం.

గాయపడిన కోడికి చేయవలసిన చికిత్స ఆలస్యాన్ని సహించదు. నెత్తురు కనిపించిన వెంటనే దానిని వేరుచేయాలి. గాయాన్ని ఉప్పునీటితో కడిగి, పసుపును వేపనూనెలో కలిపి పూయడం పల్లెల్లో అలవాటు. ఆ పూత గాయపు ఎరుపును కప్పడం కూడ మేలే. గాయం లోతైనదైతే పశువైద్యశాలకు తీసుకొనిపోవాలి. తిరుపతిలో 1955లో ఏర్పడిన పశువైద్య కళాశాల, 2005లో అవతరించిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ ప్రాంతపు రైతులకు అండగా ఉన్నాయి. గాయం మానిన తరువాత ఆ కోడిని ఒక్కసారిగా మందలోకి వదలరాదు. రెండు మూడు రోజులు గంప కింద తక్కినవాటికి కనబడేటట్లు ఉంచి, ఆపై సాయంకాలం గూట్లో చేర్చితే మంద దానిని తిరిగి అంగీకరిస్తుంది. సంతలో కొన్న కోడి విషయంలోనూ ఇదే పద్ధతి. అయితే తెగుళ్ళు అంటకుండా దానిని ముందుగా రెండు వారాలు దూరంగా ఉంచడం అవసరం. ఎన్ని ఏర్పాట్లు చేసినా మానక పీకే కోడి ఒకటి ఉంటే దానినీ కొన్నాళ్ళు వేరుగా ఉంచాలి.

ఇక ముక్కుకొన కోసే మాట. పెద్ద కోళ్ళ పరిశ్రమలలో ఈ పద్ధతి ఉన్నది. కాని ముక్కుకొన గోరువంటి ప్రాణంలేని భాగం కాదు. దాని లోపల నరాలు ఉన్నాయి. కోస్తే నొప్పి, నెత్తురు తప్పవు. నార్వే, స్వీడన్ వంటి దేశాలు దీనిని నిషేధించాయి. ఇంటిలో కత్తితో చేసే కోత మరీ ప్రమాదకరం. ముక్కు మొండిదైన కోడి నేలమీది గింజను సరిగా ఏరుకోలేదు. తిరిగి మేసే కోడికి అది జీవనాధారాన్నే తీసివేసినట్లు. పైగా మేతలోని కొరత, నేలలోని శూన్యం అలాగే మిగిలిపోతాయి.

పీకే కోడిని అమ్మడంవల్ల కూడ కారణం తొలగదు. మరొక కోడి ఆ పనికి దిగుతుంది. అయితే స్వభావాన్ని ఎంపికద్వారా మార్చడం సాధ్యమేనని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ 1996లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది. సాధారణంగా ఎక్కువ గుడ్లు పెట్టిన కోడిని ఒక్కదానినే ఎంచి దాని సంతతిని పెంచుతారు. మ్యూర్ అలా చేయక, ఒక పంజరంలో కలిసి బతికిన అక్కచెల్లెళ్ళ గుంపు మొత్తం ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎన్ని కోళ్ళు బతికాయో చూసి, మంచి గుంపును ఎంచాడు. ఆ కోళ్ళకు ముక్కులు కోయలేదు. రెండవ తరంలో ఏడాదికి 68 శాతంగా ఉన్న మరణాలు నాల్గవ తరానికి 8.8 శాతానికి తగ్గాయి. గుడ్ల రాబడి కూడ పెరిగింది. పెరటి పెంపకానికీ ఇందులో పాఠం ఉంది. పొదిగించే గుడ్లను ఎంచేటప్పుడు ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టనే కాక, తోటివాటితో ఇమిడి బతికే పెట్టను చూడాలి.

అయినా ఆ ఇల్లాలు ఎదురుచూడగలిగేది తరాల మార్పుకోసం కాదు. ఆమెకు చేతనైన పనులు పెరట్లోనే ఉన్నాయి. వల లోపల జానెడు మందాన ఎండుటాకులు, వేరుశనగ పొట్టు పరచి, పూటకు పెట్టే గింజలలో సగం అందులో చల్లితే పావుగంటలో ముగిసే మేత పొద్దంతా సాగుతుంది. మునగాకు, అవిసాకు, తోటకూర కట్టలను కోడి తల ఎత్తున వేలాడగట్టితే ముక్కుకు పని, ఒంటికి పోషణ రెండూ దొరుకుతాయి. రెండు కర్రలు అడ్డంగా కడితే బెదిరిన పెట్ట పైకెక్కి తప్పించుకొంటుంది. పొద్దుకుంకడానికి ఒక గంట ముందు, కాపలా ఉండి కోళ్ళను దిబ్బమీదికి వదలవచ్చు. చీకటి పడేవేళకు అవి వాటంతటవే గూటికి తిరిగి వస్తాయి కనుక పక్కచేనికీ నష్టం ఉండదు. వేరుశనగ మొలిచి మొక్క నిలదొక్కుకొన్న తరువాత ఈ కట్టడిని ఇంకా సడలించవచ్చు.

ఫలితం ఒక్కరోజులో కనిపించదు. పూర్తిగా ఊడిన ఈక కొన్ని వారాలలో మళ్ళీ మొలుస్తుంది; సగం విరిగి కాడ మిగిలిన ఈక మాత్రం తరువాతి ఈకల రాల్పువరకు అలాగే ఉంటుంది. బాగా ముదిరిన అలవాటు కొన్ని కోళ్ళలో పూర్తిగా పోకపోవచ్చు. అందుకే మొదటి ఈక రాలిననాడే మేలుకోవడం వివేకం. కోడికి మాట లేదు. తనకు ఆకలి తీరలేదని, చోటు చాలలేదని, చేయడానికి పని లేదని అది నోటితో చెప్పలేదు. ఆ మాటను ముక్కుతో చెబుతుంది. ముక్కు కోసినవాడు ఆ మాటను వినకుండా చేసుకొంటాడు. పెరటివైపు ఒకసారి చూసినవాడు దానిని విని, కోడినీ కొంగుముడినీ కాపాడుకొంటాడు.